పెద్దదైతే మహేంద్రగిరిలో వదిలేద్దాం అనుకునేవాళ్ళకి

గుణుపురం తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇదీ. బరంపురంలో చదువుతున్న వాళ్ళ పిన్ని కొడుకు టెలిగ్రామ్ గ్రూపులో చూసి బర్మీస్ పైథాన్ పిల్లని కొంటానంటున్నాడు, ఇంట్లో పట్టనంత పెద్దదైతే మన గజపతి జిల్లా మహేంద్రగిరి అడవిలో వదిలేస్తాడట, అక్కడ ఎలాగూ కొండచిలువలు ఉన్నాయి కదా ఇంకోటి చేరితే ఏమైపోతుంది అంటాడు. ఫ్లోరిడా గురించి వీడియోల్లో చెప్పేది నిజమేనా, మన దగ్గర కూడా అలా అవుతుందా అని తమ్ముడి డౌటు.

ఫ్లోరిడాలో జరిగింది నిజమే తమ్ముడూ. మన దగ్గర అచ్చం అలాగే జరుగుతుందని మాత్రం నేననను, అలా భయపెట్టడం నాకు ఇష్టం లేదు కూడా. కానీ ఇక్కడ జరిగే నష్టం వేరే రకం, "ఎలాగూ కొండచిలువలు ఉన్నాయి కదా" అని మీవాడు ధైర్యం చెప్పుకుంటున్నాడే, సరిగ్గా ఆ ఉండటం వల్లే వచ్చే నష్టం అది. నేను పర్లాకిమిడి చుట్టుపక్కల, అటు కాశీనగరం ఇటు పాతపట్నం దాకా పాములు పడుతుంటాను, ఫారెస్టు వాళ్ళు ఎక్కడికి పిలిస్తే అక్కడికి వెళ్తాను, చాలా ఏళ్ళుగా ఇదే పని. కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు ఫ్లోరిడా సంగతి. బర్మీస్ కొండచిలువ అక్కడి పాము కాదు, ఆగ్నేయాసియాది, మన ఈశాన్య రాష్ట్రాల్లో కూడా ఉంటుంది. అమెరికావాళ్ళు దాన్ని పెంచుకోడానికి తెప్పించుకున్నారు, 1996 నుంచి 2006 మధ్యలోనే సుమారు 99 వేలు దిగుమతి అయ్యాయి. పిల్ల మూరెడు పైన ఉంటుంది, ముద్దుగా చేతికి చుట్టుకుంటుంది, రెండు మూడేళ్ళకి మనిషి పొడవు దాటుతుంది, అప్పుడు దానికి ఎలుకలు చాలవు కుందేళ్ళు కావాలి, గాజు తొట్టి చాలదు గది కావాలి. అప్పుడేం చేస్తారు, రాత్రిపూట కారులో తీసుకెళ్ళి ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి అంచున వదిలేస్తారు. దీనికి తోడు 1992లో ఆండ్రూ తుఫాను వచ్చి పాములు పెంచే ఒక కేంద్రం ధ్వంసమై అక్కడివి బయటపడ్డాయి అంటారు, కానీ ఎవర్‌గ్లేడ్స్‌లో ఒకటీ అరా 1979 నుంచే దొరికేవి, అంటే తప్పంతా తుఫాను మీదకి నెట్టేయడానికి లేదు. 2000 వచ్చేసరికి ఇవి ఇక్కడే పిల్లలు పెట్టి స్థిరపడిపోయాయి అని అధికారికంగా ఒప్పుకున్నారు.

తర్వాత జరిగింది చూడండి. 2003 నుంచి 2011 దాకా పరిశోధకులు రాత్రిళ్ళు రోడ్ల మీద దాదాపు 57 వేల కిలోమీటర్లు తిరిగి కనపడిన ప్రతి జంతువునీ రాసుకుని, 1990ల లెక్కలతో పోల్చారు. రాత్రిళ్ళు తిరిగే రకూన్ అనే చిన్న జంతువు కనపడటం 99 శాతం తగ్గింది, పొట్టసంచీలో పిల్లల్ని మోసే అపోసమ్‌లు కూడా దాదాపు అంతే, అడవిపిల్లి జాతి బాబ్‌క్యాట్ 87 శాతం. ఇది 2012లో బయటికొచ్చింది. అప్పుడు కొంతమంది ఏదో రోగం వల్ల పోయుంటాయి పాముల మీద ఎందుకు వేస్తారు అన్నారు, న్యాయమైన ప్రశ్నే. దాంతో ఇంకో బృందం అక్కడి చిత్తడి కుందేళ్ళకి రేడియో కాలర్లు కట్టి పార్కులోకి వదిలి, చచ్చిన ప్రతిదాన్నీ ఏది చంపిందో చూస్తూ వచ్చారు. ఏడాదిలో చచ్చినవాటిలో 77 శాతం కొండచిలువ కడుపులోకే పోయాయి. కాలర్ సిగ్నల్ పట్టుకుని వెళ్తే కుందేలు ఉండదు, సిగ్నల్ పాము పొట్టలోంచి వస్తుంటుంది. ఇంక వాదనేముంది.

అక్కడితో ఆగలేదు. పెద్ద జంతువులు పోయాక దోమలు ఎవర్ని కుట్టాలి, మిగిలిన ఎలుకల్ని ఎక్కువగా కుట్టడం మొదలెట్టాయి. ఒక జాతి ఎలుక ఎవర్‌గ్లేడ్స్ వైరస్ అని ఒక దాన్ని మోస్తుంది, ఆ వైరస్ మనుషులకీ వస్తుంది. ఎవడో ముచ్చటపడి పెంచుకున్న పాముకీ, దోమ ఎవర్ని కుడుతుంది అనేదానికీ లంకె ఉంటుందని ముందు ఎవరనుకుంటారు చెప్పండి. నాకైతే రకూన్ లెక్కలకన్నా ఇదే ఎక్కువ గుబులు పుట్టించింది.

సరే అంత పెద్ద పామే కదా, పట్టేస్తే పోలా అంటారు చాలామంది. ఇక్కడే అందరూ పొరబడతారు. 2013లో ఫ్లోరిడా ప్రభుత్వం పోటీ పెట్టి బహుమతులు ప్రకటిస్తే దాదాపు 1,600 మంది దిగారు, నెలరోజులు వెతికితే దొరికినవి 68. పాములు లేక కాదు, వేలల్లో ఉన్నాయి, పదుల వేలు ఉంటాయని అంచనా. కనపడవు, అంతే. అక్కడి శాస్త్రవేత్తలు కట్టిన లెక్క ప్రకారం పాము ఉన్న చోటే మనిషి వెతుకుతున్నా అది కంటపడే అవకాశం నూటికి ఒకటి కన్నా తక్కువ.

పాములు పట్టనివాళ్ళకి ఇది నమ్మశక్యంగా ఉండదు. ఒకసారి మహేంద్రతనయ నది ఒడ్డున ఒకాయన కోళ్ళ గూడు దగ్గర కొండచిలువ ఉందని ఫోన్ చేశారు, వెళ్తే ఏమీ లేదు, నలుగురం టార్చీలు వేసి గూడు వెనక వెదురు పొద అంతా వెతికాం, ఇంటాయన వెళ్ళిపోయిందిలే బాబూ అన్నారు కూడా. నేను బీడీ ముట్టించుకుందామని కూర్చున్నా. కాలి పక్కన అడుగు దూరంలో ఎండు వెదురాకు ఒకటి మెల్లగా పైకి లేచి కిందకి దిగుతోంది, గాలి లేదు, చుట్టూ ఆకులేవీ కదలట్లేదు, ఇదొక్కటే లేస్తోంది దిగుతోంది. ఊపిరి అది. ఎనిమిదడుగుల పాము, పొట్టలో కోడి, మేం నలుగురం దాని చుట్టూ తిరుగుతూ ఇంతసేపూ దాన్నే వెతుకుతున్నాం. ఇది కోళ్ళ గూడు పక్కన, ఉందని తెలిసి వెతికితే. మహేంద్రగిరి మీద, ఉందనే తెలియకపోతే?

ఫ్లోరిడావాళ్ళకి ఈ విషయంలో సాయం చేసింది మనవాళ్ళే, ఇది చెప్పకుండా ఉండలేను. 2017 జనవరిలో తమిళనాడులో పాములు పట్టే ఇరుల తెగకి చెందిన మాసి సడయన్, వడివేల్ గోపాల్ అనే ఇద్దర్ని అక్కడి యూనివర్సిటీ వాళ్ళు పిలిపించారు. అమెరికా వేటగాళ్ళు గట్ల మీద బండేసుకుని తిరుగుతూ ఎండ కాగడానికి వచ్చిన పాముల్ని చూస్తుంటే, వీళ్ళిద్దరూ దిగి నేరుగా పొదల్లోకి నడిచారు, పాకిన జాడ, రెట్ట, కుబుసం, బొరియ మూతి దగ్గర నునుపు, ఇవి చూసుకుంటూ. మొదటి రెండు వారాల్లో 13 పట్టారు, అందులో నాలుగు కీ లార్గో అనే దీవిలో వాడకుండా వదిలేసిన మిలిటరీ కట్టడం దగ్గర, ఒకటి 16 అడుగుల ఆడది. రెండు నెలల్లో మొత్తం 33. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. అలాంటి వాళ్ళు కూడా సమస్యని తగ్గించలేకపోయారంటే అర్థం చేసుకోండి. 2000 నుంచి ఇప్పటిదాకా ఫ్లోరిడాలో 20 వేలకి పైగా కొండచిలువల్ని తీసేశారు, అయినా అవి ఉత్తరం వైపు పాకుతూనే ఉన్నాయి. 2022లో ప్రకటించిన ఒక ఆడపాము 98 కేజీల దాకా తూగింది, కోసి చూస్తే లోపల 122 గుడ్లు తయారవుతున్నాయి, పేగులో జింక గిట్టలు. అది కూడా మనుషులు వెతికి కనుక్కున్నది కాదు, మగపాముకి ట్రాన్స్‌మిటర్ పెట్టి వదిలితే అది వెళ్ళి చూపించింది.

2010 జనవరిలో ఓసారి గట్టి చలి వచ్చి ఫ్లోరిడాలో చాలా చచ్చాయి, రేడియో పెట్టి గమనిస్తున్న పదింటిలో తొమ్మిది పోయాయి. అంతా అయిపోయిందనుకున్నారు, మిగిలినవి మళ్ళీ పెరిగాయి. మన గజపతి జిల్లాలో ఆ చలి కూడా లేదు, కొండ మీద పొగమంచు పడుతుంది గానీ కొండచిలువని చంపేంత చలి కాదు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. మీ పిన్ని కొడుకు వాదనలో కొంత నిజం ఉంది, అది ఒప్పుకోవాలి. ఫ్లోరిడాలో అంత పెద్ద పాము అసలు ఎప్పుడూ లేదు, అక్కడి కుందేలుకి రకూన్‌కి దానికి భయపడాలని తెలియదు. ఇక్కడ అలా కాదు. మన కుందేలు, దుప్పి, అడవిపంది తరతరాలుగా కొండచిలువతో కలిసి బతుకుతున్నాయి. గుడ్లు తినే ఉడుములున్నాయి, పిల్లల్ని తినే ముంగిసలు, గద్దలు, గిరినాగులు ఉన్నాయి. కాబట్టి ఒక బర్మీస్‌ని వదిలితే పదేళ్ళలో అడవి ఖాళీ అయిపోతుంది అంటే నేను నమ్మను.

కానీ మన కొండచిలువా, బర్మీస్ ఎంత దగ్గర చుట్టాలంటే 2009 దాకా రెండింటినీ ఒకే జాతిలో రెండు రకాలుగా లెక్కేసేవారు. అవి జతకడతాయి, పుట్టిన పిల్లలకి మళ్ళీ పిల్లలు పుడతాయి. 2018లో అమెరికా జియలాజికల్ సర్వే వాళ్ళు ఫ్లోరిడాలో పట్టిన సుమారు 400 పాముల జన్యువులు చూస్తే 13 పాముల్లో మన ఇండియన్ పైథాన్ గుర్తులు దొరికాయి. పెంపకం దశలోనే ఎక్కడో కలిసుంటాయి. అక్కడ అలా కలిస్తే పోయేదేమీ లేదు, రెండూ పరాయివే. ఇక్కడ కలిస్తే పోయేది మన జాతి. పాలల్లో నీళ్ళు కలిశాక ఏ నీళ్ళు తీసి పారబోస్తావు? ఏనుగులా తొక్కుకుంటూ వచ్చే ఆపద కాదు ఇది, ఎవరికీ తెలీకుండా తరాల మీద జరిగిపోతుంది, రకూన్ లెక్కల్లాంటి లెక్క కూడా ఎవరూ కట్టరు ఎందుకంటే అడవిలో కొండచిలువలు కనపడుతూనే ఉంటాయి. అంతా బాగుందనే అనుకుంటాం.

రెండిటినీ చూసి తేడా పట్టేవాళ్ళు మా ఏరియాలో ఎంతమంది ఉంటారనుకుంటున్నారు. మామూలుగా మన కొండచిలువ కాస్త లేత రంగు, గోధుమ పసుపు వైపు, బర్మీస్ మచ్చలు ముదురు గోధుమ నలుపు అంచుతో. కానీ రంగుని నమ్ముకోకూడదు, బురదలోంచి తీసిన పాముకి రంగేమిటి, కుబుసం విడిచే ముందైతే అన్నీ బూడిదగానే ఉంటాయి. తల మీద బాణం ములికిలాంటి గుర్తు చూడాలి, బర్మీస్‌కి అది ముక్కు దాకా స్పష్టంగా ఉంటుంది, మన దానికి వెనకవైపు బాగానే ఉండి ముందుకొచ్చేసరికి చెరిపేసినట్టు అయిపోతుంది. అంతకన్నా గట్టి గుర్తు కన్ను కింద. మన దానికి పైపెదవి పొలుసుల్లో ఒకటి నేరుగా కంటిని తాకుతుంది, బర్మీస్‌కి కంటికీ పెదవికీ మధ్యలో చిన్న పొలుసుల వరస అడ్డం ఉంటుంది. ఇది చూడాలంటే తల పట్టుకుని మొహానికి దగ్గరగా పెట్టుకోవాలి, రాత్రి పదింటికి ఊళ్ళో యాభై మంది సెల్‌ఫోన్లతో చుట్టూ నిలబడి "మేకని మింగింది కొట్టండి" అని అరుస్తుంటే ఎవడు చూస్తాడు పెదవి పొలుసు. నేనే సంచీలో వేసుకుని బయటపడితే చాలనుకుంటా.

ఇంక రోగాల మాట. ఫ్లోరిడాకి ఆసియా కొండచిలువలతో పాటు ఊపిరితిత్తుల్లో బతికే ఒక పురుగు వెళ్ళింది, రైలియెటియెల్లా అని దాని పేరు. అది ఇప్పుడు అక్కడి చిన్న చిన్న పాముల్లోకి ఎక్కింది, వాటికి ఆసియా పాములకున్నంత తట్టుకునే శక్తి లేదు, చచ్చిపోతున్నాయి, పైగా బొద్దింక కప్ప బల్లి ఇలా ఒకదాన్నుంచి ఒకదానికి పోతూ కొండచిలువలు ఇంకా చేరని చోట్లకి కూడా పురుగు చేరిపోయింది. పాముకన్నా పాములో ఉన్నది వేగంగా పాకింది. మన వైపు తిరగేసి ఆలోచించండి. పెంపుడు పైథాన్లలో శ్వాస రోగం తెచ్చే నిడోవైరస్‌లు ఉన్నాయి, బోవా అనే విదేశీ పాముల్లో ఇన్‌క్లూజన్ బాడీ అనే రోగం ఉంది, బ్యాంకాక్‌లో పది రకాల పాముల్ని పక్కపక్క డబ్బాల్లో పెట్టి అమ్మే చోటు నుంచి వచ్చిన పిల్ల ఏం మోస్తోందో అమ్మినవాడికే తెలియదు. అది చూడ్డానికి ఆరోగ్యంగానే ఉంటుంది. మహేంద్రగిరిలో వదిలిన పాము వారంలో చచ్చిపోయినా సరే, దాన్ని తిన్న ఉడుముకో అది పడుకున్న బొరియలో తర్వాత దూరిన పాముకో ఏం అంటిందో మనకి తెలియదు. 2022లో ఒడిశా ప్రభుత్వం ఆ కొండని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది, ఒకపక్క బోర్డులు పెడుతుంటే ఇంకోపక్క ఇది.

అసలు ఇలాంటిది మన దగ్గర జరగదు అనేవాళ్ళకి సక్కర్ చేప గుర్తుచేస్తా. అక్వేరియం గాజు నాకుతుందని కొనుక్కుని, పెద్దదయ్యాక చెరువులో వదిలారు. ఇప్పుడు ఆంధ్రా తెలంగాణ చెరువుల్లో వల వేస్తే దెయ్యం చేప అని అదే పడుతోంది, వీపు ముళ్ళకి వలలు చిరిగిపోతాయి, ఎవరూ కొనరు. ఒక్కడు కూడా చెరువుని పాడుచేద్దామని వదల్లేదు, పాపం చంపలేక వదిలారు. మీ పిన్ని కొడుకూ అలాగే దయతోనే వదులుతాడు.

ఇదే ప్రశ్న అనకొండ గురించి అడిగుంటే నా జవాబు ఇంకా గట్టిగా ఉండేది. 2024 ఏప్రిల్‌లో బెంగళూరు ఎయిర్‌పోర్టులో బ్యాంకాక్ నుంచి వచ్చిన ఒక ప్రయాణికుడి బ్యాగులో 10 పసుపు అనకొండలు దొరికాయి, అంతకుముందు 2023 సెప్టెంబరులో అక్కడే 55 బాల్ పైథాన్లు, 17 గిరినాగులు, చచ్చిపోయిన కాపుచిన్ కోతులు. పట్టుకున్నవి ఇవి, పట్టుకోనివి టెలిగ్రామ్‌లో. నీళ్ళలో బతికే అంత పెద్ద పాము మనకి లేదు, మన దగ్గరేమో ఊరికో చెరువు, వంశధార కాలువలు, గంజాం వైపు తంపరా సరస్సు. అనకొండ గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లల్నే కంటుంది, అంటే ఉడుము తినడానికి గుడ్డు కూడా దొరకదు. మన నీరుకట్టె పాముల చెరువులో అది పడితే అప్పుడు ఫ్లోరిడా కథ మన దగ్గరికి నిజంగా వచ్చినట్టే.

బాల్ పైథాన్ మీద మాత్రం నాకు అంత భయం లేదు. అది మామూలుగా నాలుగైదు అడుగులు మించదు, పశ్చిమ ఆఫ్రికాది, ఇక్కడ వదిలితే ఎక్కువశాతం ఆకలితోనో కుక్కల చేతిలోనో పోతుంది. మా టౌన్‌లో ఒకింట్లో చూశా, బట్టలు పెట్టుకునే ప్లాస్టిక్ డబ్బాకి సోల్డరింగ్ ఐరన్‌తో చిల్లులు చేసి అందులో పెట్టారు, నెలల తరబడి తిండి ముట్టలేదని కుర్రాడు ఏడుపు. చేతిలోకి తీసుకుంటే తల లోపలికి దోపుకుని ఉండలా చుట్టేసుకుంది, వాళ్ళమ్మగారు "చూశారా ఎంత మర్యాదగా ఉంటుందో" అన్నారు. మర్యాద కాదమ్మా, బెదిరిపోయింది అది.

చట్టం గురించి రెండు ముక్కలు. మన కొండచిలువ వన్యప్రాణి రక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉంది, పట్టినా పెంచినా అమ్మినా మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ జైలు. విదేశీ జాతులకి 2022 సవరణ తర్వాత లెక్క మారింది, సైట్స్ అనే అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందం జాబితాలో ఉన్న జంతువు ఇంట్లో ఉంటే కేంద్రం వాళ్ళ పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయాలని 2024 ఫిబ్రవరిలో రూల్స్ వచ్చాయి, పాతవాటికి ఆరు నెలలు గడువిచ్చారు, అది ఎప్పుడో అయిపోయింది. అదే సవరణలో పరాయి దురాక్రమణ జాతుల్ని కేంద్రం నిషేధించొచ్చు అని ఉంది గానీ ఆ నిర్వచనంలో భారతదేశానికి చెందనిది అని రాశారు. బర్మీస్ మిజోరాం వైపు అడవుల్లో ఉంటుంది కాబట్టి కాగితం మీద అది భారతదేశపు పామే, మహేంద్రగిరికి మాత్రం పరాయిది. కొండకి రాష్ట్రం బోర్డర్ తెలీదు, దేశం బోర్డరూ తెలీదు, ఆ నిర్వచనం రాసినవాళ్ళు దీన్ని ఆలోచించినట్టు నాకనిపించదు. అమ్మేవాడు "డీఎన్‌ఏ సర్టిఫికెట్ ఉంది, సీబీ పిల్ల, లీగల్ అన్నా" అంటాడు, సీబీ అంటే పెంపకంలో పుట్టింది అని, ఆ పేపర్ తీసుకుని డివిజన్ ఫారెస్టు అధికారి డీఎఫ్‌ఓ ఆఫీసుకి ఒకసారి వెళ్ళొద్దాం రా అనండి, రెండు నిమిషాల్లో బ్లాక్ చేస్తాడు.

ఇంకా కొనకపోతే కథ ఇక్కడితో అయిపోయింది, కొనొద్దు. ఈపాటికే కొనేసి చెప్పడానికి జంకుతున్నాడేమో, కుర్రోళ్ళు అలా చేస్తారు, అలాగైతే తిట్టకండి, తిడితే ఆ రాత్రికే గోనెసంచీలో వేసుకుని కొండెక్కుతాడు. ఎవరైనా పెద్దవాళ్ళు తోడుండి డివిజన్ ఫారెస్టు ఆఫీసులో అప్పజెప్పండి, తనంతట తనే తెచ్చిచ్చాడు అని రాయించుకుని రసీదు అడగండి, ముందు ఒక లాయర్‌తో మాట్లాడితే ఇంకా మంచిది. వాళ్ళు భువనేశ్వర్‌లోని నందన్‌కానన్ జూకి పంపే ఏర్పాటు చూస్తారు. అప్పజెప్పేటప్పుడు ఎక్కడ కొన్నాడో, దానికి ఏం పెట్టాడో, పక్కన ఇంకేం పాములు ఉండేవో మొత్తం చెప్పమనండి, రోగం సంగతి డాక్టర్లు చూసుకోవాలంటే అది కావాలి. ఫారెస్టు వాళ్ళు కూడా ఒక్కోసారి కొండచిలువే కదా అని దగ్గర్లో అడవిలో వదిలేద్దామంటారు, అప్పుడు ఆ కంటి కింద పొలుసు చూపించి ఇది మన పాము కాదు సార్ అని చెప్పండి, వినకపోతే ఫోటో తీసి ఇక్కడే పెట్టండి, కన్ను పక్కనుంచి దగ్గరగా, వెలుతురులో. మిగతాది నేను మాట్లాడతా.